మరలో ఇసుక

బేతంచెర్ల గనుల దగ్గర నీళ్ల బోరుకు గొట్టాలు దించుతున్నారు. తన మేస్త్రీ పనిని గనివాళ్లు, బర్మా మట్టినూనె బావుల్లో పనిచేసి వచ్చిన అల్లుడికి ఇచ్చినప్పటి నుంచి మామకు కడుపు మండుతూనే ఉంది.

"పెండ్లికూతురికి నలుగు పెట్టినట్ల ఆ గ్రీసేంది? రెంచీతో గట్టిగా తిప్పితే సాలదా?"

"ముందు చేత్తోనే ఎక్కల్ల మామా. బర్మాలో బిగించేటోడు ఒకడు, చూసేటోడు ఇంకొకడు. నువ్వు చూడు."

గొట్టం చివర బిగించే మరలో ఇసుక మామకు కనిపించింది. అట్లే బిగిస్తే గొట్టం ఊడి బోరులో పడుతుంది. అల్లుడి పరువూ దాంతోనే పోతుంది.

"బాగుండాది. బిగించు."

"నువ్వంటే సాలు. బర్మాలో ఎవురన్నా నా పని మెచ్చుకుంటే, మా మామ నేర్పినాడని చెప్తాంటి."

అల్లుడు రెంచీ ఎత్తాడు.

"ఆపు! విప్పురా, మరలో ఇసక ఉండాది."

"ఏమైంది మామా?"

"పనిమంతుడివైతివి. మంచోడివి గూడా అయితే నేనెట్ల బతికేదిరా!"