తాళం తీయించి రాసిన నివేదిక

1990 ఆగస్టు 6, సోమవారం. తరిగొప్పుల రైతు కుటుంబం నుంచి వచ్చిన శ్రీమతి ప్రమీల గారు మన బీమా సంస్థ జనగామ శాఖలో గుమస్తాగా చేరిన శుభదినమది. నేడు భూపాలపల్లి శాఖాధిపతిగా వారు పదవీ విరమణ చేస్తున్న వేళ ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కినందుకు ఆనందం పట్టలేకున్నాను.

జనగామలో గృహబీమా విభాగం వారి చేతికి వచ్చింది. ప్రభుత్వ నియంత్రణ సంస్థకు మూడు నెలలకోసారి పంపవలసిన నివేదిక పేరెత్తితే మాకందరికీ తలనొప్పి. వారికి మాత్రం పెళ్లిపిలుపు అందినంత సంబరం. ఏ క్లెయిమును ఎందుకు తిరస్కరించామో సర్కారుకు చెప్పేటప్పుడు ఒక్క అక్షరం తప్పుగా పోరాదని వారి పట్టుదల.

2014లో మహబూబాబాదుకు బదిలీ అయ్యారు. అక్కడ వారికి సహాయకుణ్ణి నేనే. 2019 సెప్టెంబరు 30న, నివేదిక గడువు సాయంత్రం ఐదింటికనగా, నా తప్పు బయటపడింది. వానలకు వెనుక గోడ, ఆ వైపు కప్పు కూలిన హరిలాల్ ఇంటిని చూడటానికి తండాకు వెళ్లిన నేను రెండుసార్లూ తాళమే చూశాను. అతడు హైదరాబాదుకు కూలికి పోయాడని విన్నాను. నెల దాటి మనుషులు లేని ఇంటికి బీమా వర్తించదు కనుక ‘నివాసం లేదు, తిరస్కరణ’ అని రాసి చేతులు దులుపుకున్నాను.

“శశిధర్, నువ్వు మనుషులు లేరని చూసినవా, తాళం చూసినవా?” అన్నారు మేడమ్. “గిది సర్కారుకు పోయిందంటే ఆ ఇంటి కప్పు మళ్ల లేవదు. జర బండి తీయి!”

మిట్టమధ్యాహ్నం తండాకు చేరితే మళ్లీ తాళమే! మేడమ్ ఊరుకోలేదు. చెల్క గట్టున మేకలు కాస్తున్న హరిలాల్ తల్లి సుక్కిని వెతికి పట్టుకున్నారు. ఆ అవ్వ మెడలోని తాడు నుంచి తాళంచెవి తీసింది.

“తాళముంటే మనిషి లేనట్టా బిడ్డా? పొద్దంత మేకలెంబడి పోత. పొద్దుగూకితే గీడనే వండుకుంట, గీడనే పండుకుంట.”

తలుపు తీస్తే పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఐదుకు పది నిమిషాలుండగా నివేదిక వెళ్లింది. అందులో నా తిరస్కరణ లేదు. మరుసటి ఎండాకాలానికి కొత్త కప్పు లేచింది.

గృహప్రవేశం నాడు సుక్కవ్వ రెండో తాళంచెవి మేడమ్ చేతిలో పెట్టింది. “నేను మేకలెంబడి పోతే బయట నిలబడకు బిడ్డా. తలుపు తీసుకొని కూసో.” భూపాలపల్లికి బదిలీ అయినా ఆ తాళంచెవి నేటికీ మేడమ్ చేతిసంచిలోనే ఉంది.

శ్రీపాల్ గారూ, ఇకనైనా మీ శ్రీమతి గారు వేళకు భోంచేసేలా చూడండి. మేడమ్, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లి, ఆ తాళంచెవి అరిగిపోయేదాకా ఆ గడపకు వస్తూ పోతూ ఉండాలి!

— శశిధర్