గొంతు పోయిన క్లారినెట్

గద్వాలలో వాయిద్యాలు బాగుచేసే ఉస్తాద్ ఊదగానే, పెళ్లిళ్ల బ్యాండులో వాయించే అతను తెచ్చిన క్లారినెట్ రొంప పట్టిన మేకలా అరిచింది.

“దసరా సంది గిదే వరస, ఉస్తాద్. ఊదేకాడి రీడ్లు రెండు మార్చిన. దవాఖానకు పోయి ఛాతి ఫొటో గూడ తీయించుకున్న.”

“నీ ఛాతికేమైంది?”

“ఏం కాలేదట. రేపు బీచుపల్లిల పెండ్లి. గిట్లనే పలికితే మా బ్యాండు మాస్టరు నన్ను తాళాలు కొట్టమంటడు.”

ఉస్తాద్ ఒక మీట విప్పి, దాని కిందున్న తోలుబిళ్లను గోటితో గీకాడు. ఎర్రగా రాలింది.

“గిది కుంకుమ, తమ్ముడూ. బిళ్ల రంధ్రానికి ఆనుతలేదు. గాలంత పక్కకు పోతుంది.”

“ఆయుధ పూజనాడు మా ఇంటామె ఒక్క బిళ్ల ఇడువకుంట బొట్టు పెట్టింది.”

“ఒక్కనాటిది గాదు. పొర మీద పొర ఉంది.”

“దాని గొంతు పోయిందని, పాపం, శుక్రారం శుక్రారం మళ్ల పెడ్తుంది.”

ఉస్తాద్ నవ్వాపుకొని బిళ్లలన్నీ తుడిచి ఇచ్చాడు. ఈసారి క్లారినెట్ బజారంతా వినిపించేలా తియ్యగా పలికింది. బ్యాండతను సంబరంగా ఇంటికి ఫోన్ చేసి, రెండు నిమిషాలు ఊకొట్టి పెట్టేశాడు.

“కుంకుమ సంగతి చెప్పలేదేంది?”

“నన్ను మాట్లాడనిస్తె గద, ఉస్తాద్. తన పూజ ఫలించిందంట. శుక్రారం దాక ఆగదంట. జల్ది తెమ్మంటుంది.”