చెరిపేసిన కంట్రోల్ బ్లాక్

అమెరికాలోని పొకిప్సీ ఊళ్ళో, కంప్యూటర్ సెంటర్‌లో ఉదయం పదింటికి మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మీద సగం పనులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఇరవై ఆరేళ్ళుగా ఆ మెషీన్‌ని సాకుతున్న ఆవిడ చేతిలో కాఫీ చల్లారిపోతోంది, ఒళ్ళు మాత్రం మండిపోతోంది. కన్సోల్ ముందు కుర్చీలో కొత్త మేనేజరు కూర్చుని ఉన్నాడు.

"అసలేం చేశారు బాబూ?"

"ఒక ప్రోగ్రామ్ మొండికేసింది మేడమ్. ఎన్నిసార్లు ఆపమన్నా ఆగలేదు. మెమరీలోకి వెళ్ళి దాని కంట్రోల్ బ్లాక్ చెరిపేశాను."

"చేత్తోనా? నడుస్తున్న మెషీన్ మీదా?"

"బిగుసుకుపోయిన ప్రోగ్రామే కదా! అదీ ఒక్కటే!"

"ఒక్కటా? నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక బ్లాక్ ఉంటుంది. తర్వాతి బ్లాక్ ఎక్కడుందో ఈ బ్లాకే చెప్పాలి. మీరు దీన్ని చెరిపేసరికి దీని వెనకున్న ముప్పై రెండు బ్లాకులూ సిస్టమ్‌కి కనపడకుండా పోయాయి. అందులో ఆస్పత్రివాళ్ళ రక్తపరీక్షల ప్రోగ్రాములు కూడా ఉన్నాయి, తెలుసా?"

"అరవకండి. మెమరీలో ఆ బ్లాకుల అడ్రసులన్నీ మీకు కంఠతా వచ్చుగా, మళ్ళీ కలిపేయండి."

"వచ్చు. ఈ శుక్రవారం ఉద్యోగాల్లోంచి తీసేసేవాళ్ళ లిస్టులో నా పేరు రాసేటప్పుడు ఆ సంగతి గుర్తు రాలేదేం?"

అతను కీబోర్డు ఆవిడ వైపు జరిపాడు.

"లేవండి ఆ కుర్చీలోంచి. ఆస్పత్రివాళ్ళేం పాపం చేశారు, కలుపుతాను. ఇదయ్యాక ఆ లిస్టు పట్టుకురండి. నన్ను చెరిపేస్తే నా వెనక ఏమేం మాయమవుతాయో ఒక్కొక్కటే చెబుతాను. మీ చేత్తోనే రాసుకుందురుగాని."