ఎత్తు ఎక్కని ఇంజిన్

ఉదయం పదింటికి అతను నడుపుతున్న, బల్ల మీది బొమ్మరైలు ఇంజిన్‌లోంచి పొగ వచ్చింది. బండి పట్టాల ఎత్తు మీదే ఆగిపోయింది. ఇంజిన్ అతని భార్యది. ఆమె సాయంత్రానికి ఇంటికొస్తుంది. అతను రిపేర్లు చేసే మరదలిని పిలిచాడు. ఆమె వచ్చి ఇంజిన్ విప్పి చూసింది.

“లోపలి చిప్ కాలింది బావా. వోల్టేజీ ఎంత పెట్టావు?”

“పద్దెనిమిది.”

“ఇంత చిన్న ఇంజిన్‌కి పన్నెండు చాలు. ఎందుకు పెంచావు?”

“ఎత్తు ఎక్కలేక ఆగి ఆగి నడిచింది. కాస్త బలమిద్దామని.”

ఆమె తెల్లగుడ్డతో పట్టా తుడిచింది. గుడ్డ నల్లబడింది.

“ఈ మురికి వల్ల చక్రాలకి కరెంటు అందలేదు. తుడిస్తే పోయేదానికి ప్రాణం మీదకి తెచ్చావు.”

“మోటారు కూడా పోయిందా?”

“విడిగా తిప్పి చూశాను, తిరుగుతోంది. కొత్త చిప్ వేస్తా.”

“మీ అక్కకి చెప్పకు.”

“నేనెందుకు చెప్తాను? అది నీ పని.”

ఆమె చిప్ మార్చింది. అతను పట్టాలన్నీ తుడిచి, మీటరు పట్టాలకే పెట్టి పన్నెండు వోల్టులు చూసుకున్నాడు. ఇంజిన్ ఆగకుండా ఎత్తు ఎక్కింది.

సాయంత్రం భార్య వచ్చేసరికి ఇంజిన్ స్టేషన్‌లో ఉంది. కాలిన చిప్‌ని అతను దాని పక్కనే పెట్టాడు.