పట్టెవరు, నూలెవరు?

గద్వాలలో ఒక నేతగాడి ఇంట్లో మగ్గం ఉన్నట్టుండి ఆగింది. నేస్తున్న చీర ఫోటో కింద బిడ్డ ఏదో ఇంగ్లీషు మాట రాసి అమ్మకానికి పెట్టింది. ఫోన్లో ఆ మాట తల్లికి కొరుకుడు పడక, నేస్తున్న మొగుణ్ణి ఆపి అడిగింది.

“డ్యూయల్ అంటె ఏందయ్యా?”

“రెండు కల్సి ఒక్కటైన సరుకు. నడుమంత నూలు, అంచు పట్టు. అయినా ఒక్కటే చీర గద!”

“గంతేనా?”

గంతే అని ఊరుకుంటే ఆయన సొమ్మేం పోయేది? నోరు ఊరుకోలేదు.

“మనిద్దరం గూడ గంతేనే.”

“గట్లనా! మరి మనిద్దర్ల పట్టెవరు, నూలెవరు?”

“పట్టు నువ్వే.”

“అంటె నన్ను అంచుకు నూకి, నడుమంత నువ్వే పరుచుకున్నవా?”

“అయితె నూలనుకో.”

“ముప్పై ఏండ్లు కాపురం చేస్తె అగ్గువ సరుకునైతినా?”

ఆయన రెండు చేతులూ జోడించాడు.

“రెండూ నువ్వేనే, తల్లీ!”

“మరి నువ్వేంది?”

“నేనా... పట్టు పోగును, నూలు పోగును కలిపే ముడిని.”

బతికిపోయాననుకున్నాడు. ఆమె ఫోను పక్కన పెట్టింది.

“మంచి ముడి కనపడొద్దు, ఇనపడొద్దు. ఇగ నెయ్యి.”