తొమ్మిదో గోల్ తర్వాత

హలో… ఆ, నేనే. నేనే బావగారూ… మెల్లగా మాట్లాడుతున్నా కదా, అందుకే గుర్తుపట్టలేదు మీరు.

లేదు, ఒంట్లో బానే ఉంది.

మీ తమ్ముడా? డ్యూటీకి వెళ్ళారు… నేనే కుట్టు షాపు తీయలేదు. ఆదివారం మ్యాచ్ అయిన దగ్గర్నుంచీ తీయలేదు… ఎందుకేంటి, చెప్తాలెండి. ముందు మీరు ఫోన్ చేసిన పని చెప్పండి.

…

బ్యానరా?

ఎంత పొడుగు?… గోల్ వెనక రెయిలింగ్ మొత్తం కప్పేంతా!… ఊఁ… నీలం గుడ్డ మీద తెల్ల అక్షరాలు… సరే, ఏమని?

…

'తొమ్మిది–సున్నా'. అంతేనా?… ఇంకో మాట అక్కర్లేదు, చూసినవాళ్ళకి ఒళ్ళు మండాలంటారు.

బావగారూ, నేను కుట్టను.

కోపమేం లేదు… తీరిక లేక కాదు… అవును, పోయిన ఏడాది జెండా కుట్టింది నేనే. అంతకుముందు టోపీలు కుట్టిందీ నేనే. ఇది మాత్రం కుట్టను.

— అసలా గెలుపులో ఏముందని రెయిలింగ్ నిండా కడతారు?

అయ్యో, అరవకండి! ఫోన్లోంచి గది బయటికి వినిపిస్తోంది మీ గొంతు.

…

సరే, ఆట గురించే మాట్లాడదాం. అంతకుముందు వారం ఎవరితో ఓడాం?… చెప్పండి… అట్టడుగున ఉన్న టీమ్‌తో. అదీ మన గ్రౌండ్‌లో. ఆరోజు మీరు డప్పు అక్కడే పడేసి వెళ్ళిపోతే మీ తమ్ముడు ఇంటికి మోసుకొచ్చారు. వారం తిరిగేసరికి మనం గొప్ప టీమ్ అయిపోయామా?

— తొమ్మిది కొట్టినా ఇచ్చేది మూడు పాయింట్లే. ఒకటి కొట్టినా మూడే.

— గోల్ తేడా… ఆ, నిజమే. కానీ ఆ తేడా చూసేది పాయింట్లు సమానమైనప్పుడు కదా. మనం ఎవరికి సమానంగా ఉన్నామని?

— ఇప్పట్నుంచీ ఉంటామంటారు. మీరు ఏటా ఒకసారి ఈ మాట అంటారు బావగారూ.

…

లేదు, వెక్కిరించట్లేదు. మీ ఆశ నాకు తెలీనిదా? పెళ్ళైన కొత్తల్లో నన్ను మొదటిసారి గ్రౌండ్‌కి తీసుకెళ్ళింది ఎవరు? మీరేగా. బస్సు దిగి, డ్రైవర్ చొక్కా కూడా మార్చుకోకుండా వచ్చారు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో ఇడ్లీ ప్లేటు… ఛ, కాదు, టీ కప్పులు పేర్చి చెప్పారు నాకు. ఆరోజూ ఓడిపోయాం. 'వచ్చే మ్యాచ్ చూడమ్మాయ్' అన్నారు. అప్పట్నుంచీ ఆ వచ్చే మ్యాచ్ కోసమే చూస్తున్నాం మనిద్దరం. ఆదివారం మొదటి గోల్‌కి నేనూ లేచి అరిచాను. దాచను.

మూడో దానికి కూర్చుండిపోయాను.

…

ఎందుకంటే… వాళ్ళు ఎంతమంది ఉన్నారు గ్రౌండ్‌లో? ఇద్దరు డిఫెండర్లకి రెడ్ కార్డ్ చూపించి పంపేశారు. మనవాళ్ళు ఎలా దూసుకెళ్తున్నా అడ్డం లేదు. మనవాళ్ళందరికీ ఎదురుగా చివర్లో ఒక్కడే నిలబడ్డది ఎవరు?

మా చిన్నోడు.

— ఆ. మా తమ్ముడు. వాళ్ళ గోల్‌కీపర్ మా తమ్ముడేనని గుర్తుందా మీకు?

గుర్తుందంటారు… 'ఆటలో ఇవన్నీ ఉండేవే, వాడీపాటికి మర్చిపోయుంటాడు'… ఎవరు చెప్పారు మీకు?

బావగారూ, వాడిక్కడే ఉన్నాడు. మా ఇంట్లో.

…

ఆదివారం నుంచీ. వాళ్ళ టీమ్ బస్సు ఎక్కలేదు. బ్యాగ్ భుజాన తగిలించుకుని గ్రౌండ్ నుంచి నడిచొచ్చేశాడు. తలుపు తీసేసరికి చేతులకి ఇంకా గ్లోవ్స్ ఉన్నాయి. నేనే విప్పాను, పసిపిల్లాడికి విప్పినట్టు.

— మాట్లాడడు. పెడితే తింటాడు. పిలిస్తే చూస్తాడు. అంతే.

— అది కాదు నన్ను భయపెడుతున్నది. ఉన్నట్టుండి వెనక్కి తిరుగుతాడు. గోల్ పడ్డాక కీపర్ వెనక్కి తిరిగి, వంగి, నెట్లోంచి బంతి తీస్తాడు చూడండి… అలా. అన్నం తింటూ తిరుగుతాడు. స్నానానికి వెళ్తూ గుమ్మంలో ఆగి తిరుగుతాడు. వెనక గోడ తప్ప ఏముంటుంది?

నిన్న కూరగాయలకి వెళ్ళి, నడి రోడ్డు మీద నేనూ తిరిగి చూశాను. ఎందుకో తెలీదు. ఎవరూ లేరు.

…

దోమలున్నాయని వాడి మంచానికి తెర కట్టాను బావగారూ. కళ్ళు తెరిచి, చుట్టూ ఆ వల చూసి… ఒక్క ఉదుటున లాగేశాడు. గుంజలు కూడా ఊడొచ్చాయి. అప్పుడు గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఇంట్లో కుట్టుమిషన్ కూడా అందుకే ఆపేశాను. నేను తొక్కుతుంటే ఆ దడదడకి చేతులు రెండూ పైకెత్తాడు. మొహానికి అడ్డం పెట్టుకున్నట్టు కాదు… బంతికి పెట్టినట్టు.

— చూపించాం డాక్టర్‌కి. భుజం బెణికింది, పట్టీ వేసుకోమన్నాడు. భుజం సంగతి ఎవరడిగారు?

— చిన్నోడు పనిచేసే వడ్రంగి షాపు ఓనరు రోజూ ఫోన్ చేస్తున్నాడు. మావాడు చేస్తున్న తలుపులు సగంలో ఆగిపోయాయట. వాళ్ళ కెప్టెనూ చేశాడు. ఆదివారానికి ఇంకొకణ్ణి చూసుకోమని నేనే చెప్పేశాను.

…

లేదు లేదు, మీరు గెలవడం తప్పని అనట్లేదు. ఆటన్నాక కొడతారు. కొట్టినవాళ్ళ మీద వాడికీ కోపం లేదు.

నిన్న ఒక్క మాట అన్నాడు. ఇన్నాళ్ళకి ఒక్కటే మాట… వద్దులెండి.

…

చెప్పమంటారా? విన్నాక 'ఎందుకడిగాను' అనుకుంటారు.

…

కళ్ళు మూసుకుంటే గోల్స్ కనిపించవట వాడికి. బంతీ కనిపించదట. వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుందట, లెక్కపెడుతూ. 'ఐదూ… ఆరూ…' అని. గోల్ పడ్డాక కాదు. పడక ముందే. బంతి ఇంకా అవతలి సగంలో ఉండగానే 'ఏడొస్తోంది రోయ్, ఏడొస్తోంది' అని మొదలుపెట్టేదట. అన్నట్టే వచ్చేదట. కాసేపటికి, ఆ గొంతు చెప్పబట్టే వస్తున్నాయని అనిపించిందట వాడికి. ఇప్పుడు తొమ్మిది అయిపోయినా ఆ గొంతు ఆగట్లేదట. ఇంకా ముందుకి లెక్కపెడుతోందట.

…

బావగారూ?… ఉన్నారా?

అవును. గోల్ వెనక డప్పు పట్టుకుని నిలబడ్డది ఎవరో నాకూ తెలుసు.

— వాడు తిరిగి చూశాడట మిమ్మల్ని. మీరు చూశారా?… చూశారు… నవ్వి, చెయ్యి ఊపారు. సరదాకే. నాకు తెలుసు, మీరు సరదాకే చేసుంటారు.

అదెవరో ముక్కూమొహం తెలీనివాడి గొంతైతే ఈ చెవిలోంచి ఆ చెవిలోకి పోయేదే. మీరు వాడికి పెద్దబావ. మా పెళ్ళిలో మీ భుజాల మీంచి దిగనన్నాడు వాడు. మొదటి గ్లోవ్స్ కొనిచ్చింది మీరు. 'బంతికి భయపడకు, అది నీకు భయపడాలి' అని మా డాబా మీద గంటలు గంటలు బంతులు విసిరింది మీరు.

…

ఏడవకండి… సరే, ఏడవట్లేదు. జలుబే.

— ఆ గెలుపుకి అర్థం లేదని నేననను. మీకున్న అర్థం మీకుంది. ఇన్నేళ్ళు ఎదురుచూశారు, ఆ ఒక్కరోజైనా మీది. వాడి మీదుగా వచ్చింది, అంతే.

…

రావద్దు. ఇవాళొద్దు… ఎక్కడ?… మా వీధిలోనా! ఉండండి, కిటికీ తీయనివ్వండి…

ఆ, కనిపిస్తున్నారు. ఎంతసేపైంది అక్కడ నిలబడి?… చంకలో ఆ చుట్టేంటి? గుడ్డా?… అప్పుడే కొనేశారా! నేను ఊఁ అంటాననే అనుకున్నారన్నమాట. ముందు దాన్ని ఎక్కడైనా పెట్టండి. ఆ బండి వెనకాల…

అమ్మో!… చిన్నోడా, ఎప్పుడొచ్చి నిలబడ్డావురా?

బావగారూ… వాడు నా పక్కనే ఉన్నాడు. కిటికీలోంచి మిమ్మల్నే చూస్తున్నాడు. ఎంత విన్నాడో ఏమో.

చిన్నోడా, ఎక్కడికి?… ఆగరా… భుజానికి పట్టీ అయినా…

చెప్పులేసుకుంటున్నాడు. కిందికొస్తున్నాడు బావగారూ.

— వెళ్ళిపోకండి! మీకు దణ్ణం పెడతా, అడుగు కదపకండి. వాడు పారిపోలేదు కదా ఆరోజు. చివరిదాకా నిలబడ్డాడు కదా. మీరూ నిలబడండి.

ఫోన్ పెట్టేయకండి. అలా చెవి దగ్గరే ఉంచుకోండి… గేటు తీశాడు… వస్తున్నాడు…

…

ఏమన్నాడు? నాకు సరిగ్గా వినపడలేదు.

…

'ఎన్ని ఆపాను' అనా?

చెప్పండి మరి! గోల్ వెనకే ఉన్నారుగా, మీకంటే దగ్గరగా చూసినవాళ్ళు ఎవరు?… ఆలోచించండి… పడ్డవాటిలో ఏది ఎవరి కాలిదో, ఏ మూల పడిందో గడగడా చెప్తారు కదా. ఆపినవాటిలో ఒక్కటి చెప్పండి.

…

ఒక్కటీ?

…

నన్నడక్కండి. నేను ఆ చివర కూర్చున్నా. నాకేం కనిపించింది?

— అబద్ధం చెప్పకండి. 'చాలా ఆపావురా' అని భుజం తట్టి పంపకండి. వాడికి తెలిసిపోతుంది. గుర్తులేదని చెప్పేయండి. ఉన్నమాట చెప్పేయండి.

…

చెప్పారా?… ఏమన్నాడు?…

కదలట్లేదు. ఇక్కణ్ణుంచి వాడి మొహం కనిపించట్లేదు నాకు. మీకు కనిపిస్తోందా? ఎలా ఉన్నాడు?

…

ఉష్… మీరు మాట్లాడకండి. ఆగండి.

వాడేదో చెప్తున్నాడు.

…

ఎడమ చెయ్యి చాపి చూపిస్తున్నాడు మీకు… అంత దూరమా… వేలి కొసలకి తగిలిందంటున్నాడు కదూ?… దేవుడా, వాడి గొంతు ఇక్కడిదాకా వినిపిస్తోంది. నాలుగు రోజులైంది వాడి గొంతు ఇలా పైకి లేచి.

అడ్డు రాకండి బావగారూ. 'అవును గుర్తొచ్చింది' అనకండి, గుర్తు రాకపోతే. ఊఁ కొట్టండి చాలు.

…

ఇదిగో, ఇంకోటి చెప్తున్నాడు. వంగి చూపిస్తున్నాడు…

ఎన్నున్నాయో నాకూ తెలీదు. అన్నీ అయ్యేదాకా ఉండండి అక్కడే. ఎండగా ఉంటే గోడ పక్కకి రండి ఇద్దరూ… సరే, వద్దులెండి, కదలకండి.

నాతో కాదు, వాడితో మాట్లాడండి.

పెట్టేస్తున్నా.