తొవ్వల ఇమానం

"మామా, అత్త ఇమానం ఎక్కిందట గదా, నిజమేనా?" అని అడుగుతున్నవా? ఎక్కింది. నా కడుపు మండే ముచ్చటే అడిగినవ్ అల్లుడా. కూసో.

ఏడాదికోసారి నేను, మీ అత్త బోధన్ దిక్కు గానుగ కాడికి బెల్లం వండనీకె పోతం గదా. నేను పెనం కాడ, ఆమె చెరుకు పిప్పి ఎండవోసే కాడ. మీదికెల్లి ఇమానం పోతే చాలు, పిప్పి ఇడిసిపెట్టి మెడ లేపి సూస్తది. కిటికీ పక్కన కూసుంటే మన గానుగ కనిపిస్తదా అని నన్నడుగుతది. నాకేం ఎరుక?

ఈసారి సీజన్ ఒడిసినంక సీదా ఇంటికి పోకుండ, స్కూటర్ మీద పోచంపాడ్ డ్యామ్ దాక తిరిగొద్దామన్న. స్కూటరంటే మా బామ్మర్ది ఇచ్చిందే... కాదు కాదు, బామ్మర్ది ఇచ్చింది సైకిల్, స్కూటర్ మా అన్న ఇచ్చింది. సరే తియ్. ఆఖరి పెనం బెల్లం ముద్ద గానుగ సేటు మా చేతిల వెడ్తడు. గా ముద్ద మొత్తం ఇంటికి తీస్కపోవద్దు, తొవ్వల కలిసినోళ్ళకు పెట్టుకుంట పోవాలె, గట్లయితెనే మల్లేడు పని దొరుకుతదని మా గానుగోళ్ళ పట్టింపు.

ఒక కాడ సిమెంటు చేప, ఇల్లంత ఉన్నది. నోట్లకెల్లి పోయి తోకకెల్లి రావాలె. మీ అత్త పోయొచ్చి మల్ల పోయింది. ఆడున్న ముసలామెకు బెల్లం. ఇంకో కాడ పాత బస్సు లోపల చాయ్ హోటల్, డ్రైవర్ సీట్ల గల్లాపెట్టె. గా చాయ్ పైసలకు వెనుకట నిజామాబాద్‌ల కడుపునిండ అన్నం వెడుతుండిరి, నీకెట్ల ఎరుకైతది. గా హోటలాయనకూ బెల్లం.

ఇగ గప్పుడొచ్చింది ఇమానం. తుక్కు ఇమానం తెచ్చి రోడ్డు పక్కన హోటల్ వెట్టిండ్రు. మీ అత్త స్కూటర్ ఆగకముందే దిగింది. మెట్ల కాడ మేనేజర్, గంత ఎండల టై కట్టిండు. లోపల తింటెనే ఎక్కాలెనట, బయటి తిండి వద్దట. ఒక్కసారి కిటికీ కాడ కూసొని దిగుతది బాబూ అన్న. ఇనలే. నాకు మండింది.

"కోడి కూయంగ లేచి చేసిన రొట్టెలు సంచిల వెట్టుకొని నీ బిర్యానీ తినాల్నా? నీ ఇమానమేమన్న ఎగురుతదా? గడ్డిల కూలవడ్డది. బర్రె నయం, అదిలిస్తే లేస్తది."

జనం జమైండ్రు. నేను గిట్ల కొట్లాడుతుంటే మీ అత్త ఏం చేసిందనుకున్నవ్? కొంగుముడి ఇప్పి గానికే బెల్లం వెట్టింది. నా దుష్మన్‌కు. తొవ్వల కలిసినోడే గదా, ఈయననొక్కన్ని ఎట్ల ఇడిసిపెడ్త అన్నది. వాడు తిన్నడు. ఇంకో తునక అడిగిండు. టై వదులు చేసుకొని, "రా అమ్మా, ఎక్కు. నువ్వు గూడ రా పెద్దాయినా" అన్నడు.

గంత తిట్టినంక నేను పోతనా? పోలే. ఎండల స్కూటర్ కాడ నిలవడ్డ. కిటికీలకెల్లి ఆమె చెయ్యి ఊపవట్టె. కొట్లాడింది నేను, ఎక్కింది ఆమె. గిదేం ఇన్సాఫ్ చెప్పు?

దిగినంక ఎట్లున్నదని అడిగిన.

"పక్క సీటు ఖాళీగున్నది" అన్నది. గంతే.

వచ్చే సీజన్ ఒడిసినంక మల్ల పోతం. గా టైగానితోని నాకు మాటల్లేవ్, బరాబర్ లేవ్. అయినా గా పక్క సీట్ల కూసుంట. నువ్వు సల్లగుండు అల్లుడా. కొట్లాడే కాడ కొట్లాడు, గాని పిలిస్తే మాత్రం ఎక్కు...

ఆఁ, వస్తున్ననే. మీ అత్త పిలుస్తున్నది.